పొలంలో జింక్ ఉంది, వరికి అందడం లేదు: యాసంగి పైరు ఎర్రబడటం గురించి

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇదే ఇబ్బంది ఉన్న మిగతా రైతులకు కూడా అర్థమయ్యేలా ముందు మీ సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల నల్లరేగడి. వానాకాలం వరి, యాసంగి వరి, మధ్యలో ఇంకో పంట లేదు. ఈ యాసంగి 1010 రకం వరి నాటి 24 రోజులైంది. రెండు వారాలప్పుడు పైరు పచ్చదనం తగ్గింది, ఇప్పుడు పల్లపు మడులు ఇటుక రంగుకు తిరిగాయి. యూరియా రెండు దఫాలు వేసినా పచ్చబడలేదు. షాపులో తెగులు మందు ఇస్తే కొట్టారు, మార్పు లేదు. భూసార పరీక్ష రిపోర్టులో ఉదజని సూచిక (నేల ఆమ్ల, క్షార గుణం చెప్పే పీహెచ్) 8.3, జింక్ 0.44 పీపీఎం (కిలో మట్టికి మిల్లీగ్రాములు), భాస్వరం ఎక్కువ అని ఉంది. పోయిన వానాకాలం భాస్వరం ఎరువైన డీఏపీతో కలిపి ఎకరాకు పది కిలోల జింక్ సల్ఫేట్ చల్లారు. "వేసిన జింక్ ఎటు పోయింది? మళ్లీ వేయాలా, వద్దా?" ఇదీ మీ ప్రశ్న.

నేను 27 ఏళ్లు భూసార పరీక్ష ల్యాబ్‌లో పనిచేశాను. అందులో సగం రోజులు పొలం గట్ల మీదే గడిచాయి. మీరు చెప్పిన లక్షణాలు, మీ రిపోర్టు, రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇది జింక్ లోపం. తెగులు కాదు, పక్క మడికి అంటుకోదు. 24 రోజుల పైరు కాబట్టి తిప్పుకోవచ్చు. టెన్షన్ పడి ఇంకో మందు మాత్రం కొనకండి.

అయినా నా మాట మీద నమ్మకంతో వదిలేయకుండా, రేపు పొద్దున మీరే పొలంలోకి దిగి చూసుకోండి. ఎర్రబడిన మడిలో ఒక కుదురు దగ్గర వంగి, పైనుంచి మూడో ఆకునో నాలుగో ఆకునో పట్టుకోండి. ఆకు మొదట్లో, అంటే కాడకు అతుక్కున్న చోట, మధ్య ఈనె తెల్లగా పాలిపోయి ఉంటుంది. అదే ఆకును కొస వైపు చూస్తూ పోతే ఈనెకు రెండు పక్కలా తుప్పు రంగు చుక్కలు, కొన్నిచోట్ల చుక్కలు కలిసిపోయి పట్టీలుగా కనిపిస్తాయి. ఇప్పుడు ఆ ఆకును వేళ్ల మధ్య పెట్టి మెల్లగా వంచండి. మామూలు వరి ఆకు మడత పడుతుంది. జింక్ అందని ఆకు పెళుసుగా ఉండి, చిన్న చప్పుడుతో విరిగిపోతుంది. ఆ చప్పుడు ఒక్కసారి విన్న రైతు మళ్లీ మర్చిపోడు. ఆ తర్వాత కుదురును వేళ్లతో సహా పీకి నీళ్లలో కడగండి. తెల్లటి కొత్త వేళ్లు చాలా తక్కువగా కనిపిస్తాయి, పిలకలు ఒకటో రెండో మించి ఉండవు. వేళ్లు నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే, నేలలో మురుగు చేరి గంధకపు విషవాయువు కూడా పట్టిందని అర్థం. అప్పుడు నీరు తీయడం ఇంకా అత్యవసరం.

పక్కింటాయన అగ్గితెగులు అన్నాడని రాశారు. అగ్గితెగులు మచ్చ నూలుకండె ఆకారంలో ఉంటుంది, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు. ఏ ఆకు మీదైనా ఎక్కడైనా రావచ్చు. టుంగ్రో అనే వైరస్ తెగులు అయితే ఆకు కొస నుంచి నారింజ పసుపు దిగుతుంది, పైరును తట్టితే పచ్చదీపపు పురుగులు లేస్తాయి. ఇనుము లోపమైతే ముసలి ఆకులు బాగానే ఉండి, కొత్త ఆకు తెల్లబడుతుంది. అది ఎక్కువగా మెట్ట నారుమళ్లలో చూస్తాం. ఇంకో గుర్తు కూడా చూడండి. ఒడ్డు పక్కన, మెరక మీద పైరు కాస్త పచ్చగా ఉండి, నీరు నిలిచే పల్లంలో ఎర్రగా ఉందా? పాత పెంటకుప్ప ఉన్న చోట వరి పచ్చగా ఉందా? ట్రాక్టరుతో చదును చేసినప్పుడు పైమట్టి చెక్కేసిన జాగాలో ఎక్కువ ఎర్రబడిందా? ఈ మూడింట్లో రెండు కనిపించినా అనుమానం అక్కర్లేదు.

ఇప్పుడు చేయాల్సిన పని చెబుతాను, కారణాలు తర్వాత చూద్దాం. మడుల్లో నీరు తీసేయండి. రెండు మూడు రోజులు ఆరనివ్వండి. అడుగు వేస్తే కాలు కొంచెం దిగాలి కానీ నీరు ఊరకూడదు, అంతవరకే. నల్లరేగడి కాబట్టి పెద్ద పగుళ్లు వచ్చేదాకా మాత్రం ఆగొద్దు. పగిలితే వేళ్లు తెగుతాయి, తర్వాత పెట్టిన నీరంతా పగుళ్లలోకే పోతుంది. ఆ ఆరుదలలోనే జింక్ సల్ఫేట్ లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున, ఎకరాకు 200 లీటర్ల నీటిలో 400 గ్రాములు కలిపి ఆకులన్నీ తడిసేలా కొట్టండి. ఐదు రోజులు ఆగి మళ్లీ, ఇంకో ఐదు రోజులకు మూడోసారి. ఒక్కసారి కొట్టి ఆపేసిన రైతులే "జింక్ పనిచేయలేదు" అంటారు. ఆకు మీద నుంచి లోపలికి పోయే జింక్ చాలా కొంచెం, కొత్తగా పుట్టే ఆకులకు అది సరిపోదు. అందుకే రెండు మూడు సార్లు. ఎండ ముదరకముందో, సాయంత్రమో కొట్టండి. పురుగు మందులతో, తెగులు మందులతో ఒకే ట్యాంకులో కలపొద్దు.

యూరియా కొన్నాళ్లు ఆపండి. నత్రజని ఎక్కువైతే మొక్క ఇంకా పెరగాలని చూస్తుంది, ఉన్న కొద్ది జింక్ మరీ పలచబడుతుంది. రెండో పిచికారీ అయ్యాక కొత్తగా వచ్చే ఆకు చూడండి. అది మచ్చ లేకుండా, మొదట్లో ఈనె పచ్చగా వస్తుంటే తిప్పుకున్నట్టే, అప్పుడు యూరియా వేయండి. పాత ఎర్ర ఆకులు మళ్లీ పచ్చబడవు, వాటిని చూసి దిగులు పడొద్దు.

నాటిన పది రోజుల్లోనే గుర్తించి ఉంటే, నీరు తీసి పొడి మట్టిలో కలిపి జింక్ సల్ఫేట్ నేల మీదే చల్లమనేవాణ్ని. వరికి అలా పైపైన చల్లినా బాగానే పనిచేస్తుంది. 24 రోజులకు మాత్రం ఆకు మీద కొట్టడమే త్వరగా ఫలితమిస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న. వేసిన జింక్ ఎటూ పోలేదు, మీ పొలంలోనే ఉంది. కొంచెం లెక్క చూద్దాం. ఎకరా పొలంలో పైన అరడుగు లోతు మట్టి తూకం సుమారు 9 లక్షల కిలోలు. మన నేలల్లో మొత్తం జింక్ కిలో మట్టికి 50 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉందనుకుంటే, ఎకరాకు 45 కిలోల జింక్. మంచి వరి పంట, గింజా గడ్డీ కలిపి, టన్ను ధాన్యానికి 50 గ్రాముల దాకా జింక్ తీసుకుంటుంది. ఎకరాకు రెండున్నర టన్నులు పండితే 125 గ్రాములు. 45 కిలోల నిల్వ పక్కన 125 గ్రాములు ఎంత! కానీ ఆ 45 కిలోల్లో దాదాపు అంతా మట్టి రేణువుల లోపల, సున్నంతో, ఇనుముతో గట్టిగా పెనవేసుకుని ఉంటుంది. ల్యాబ్‌లో డీటీపీఏ అనే ద్రావణంతో మట్టిని కలియబెట్టి, సులువుగా విడివడే జింక్‌ను మాత్రమే కొలుస్తారు. మీ రిపోర్టులో 0.44 అంటే అదే. లెక్కేస్తే ఎకరాకు 400 గ్రాములు. 0.6 కన్నా తక్కువ ఉంటే లోపం అని పెట్టుకున్న హద్దు పంటల మీద ప్రయోగాలు చేసి తేల్చింది.

మీకు ఇక్కడ సహజంగా అనుమానం రావాలి. పంటకు కావాల్సింది 125 గ్రాములు, ల్యాబ్ చూపించింది 400, మరి లోపం ఎలా వచ్చింది? రెండు కారణాలు. ఒకటి, జింక్ మట్టిలో నడిచి వచ్చే పదార్థం కాదు. వేరు చుట్టూ కొద్ది మిల్లీమీటర్ల దూరంలో ఉన్నదే వేరుకు దొరుకుతుంది. నాటిన కొత్తలో వేళ్లు తెగి, గుప్పెడు మట్టిని కూడా పట్టుకోని మొక్కకు ఎకరా మొత్తం లెక్క ఏం ఉపయోగం? రెండో కారణం ల్యాబ్‌లో పనిచేసినవాళ్లు కూడా చాలాసార్లు పట్టించుకోనిది. మీరు తెచ్చిన మట్టిని మేం నీడలో ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టి పరీక్ష చేస్తాం. అంటే మేం కొలిచింది పొడి మట్టిలోని జింక్. మీ వరి బతికేది బురదలో. ఆ రెండూ ఒకటి కాదు.

నీరు పెట్టి దమ్ము చేసిన పొలంలో ఏం జరుగుతుందో చూడండి. మట్టిలో ఉన్న ప్రాణవాయువు ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. అప్పుడు సూక్ష్మజీవులు బతకడానికి మొదట నైట్రేట్‌ను, తర్వాత మాంగనీసును, ఇనుమును, చివరికి సల్ఫేట్‌ను వాడుకుంటాయి. ఈ వరసలో నేల స్వభావమే మారిపోతుంది. ఆమ్ల నేలల్లో ఉదజని సూచిక పైకి, క్షార నేలల్లో కిందికి వచ్చి, కొన్ని వారాల్లో రెండూ 7కు దగ్గరవుతాయి. క్షార నేలలో సూచిక తగ్గడం మంచిదే కదా అనిపిస్తుంది. నిజమే, జింక్ కరిగే గుణం సూచిక ఒక్క పాయింటు పెరిగితే వంద రెట్లు తగ్గుతుంది కాబట్టి, కిందికి రావడం మేలే. కానీ అదే సమయంలో బొగ్గుపులుసు వాయువు బయటికి పోలేక బురదలో పేరుకుని బైకార్బోనేట్‌గా మారుతుంది. సున్నం ఉన్న నల్లరేగడిలో ఇది మరీ ఎక్కువ. ఈ బైకార్బోనేట్ కొత్త వేళ్లను పెరగనివ్వదు. సల్ఫేట్ నుంచి వచ్చిన సల్ఫైడ్ జింక్‌ను పట్టేస్తుంది. ఇనుము కొత్త రూపాల్లోకి మారుతూ తన ఒంటికి జింక్‌ను అతికించుకుంటుంది. మనం వరి కోసం పెట్టిన నీరే వరికి జింక్ దొరకకుండా చేస్తోంది.

ఈ గొడవ నీరు పెట్టిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనం నారు పీకి, వేళ్లు తెంపి, తెచ్చి నాటుతాం. మీ పైరు రెండు వారాలకు రంగు మారడం అందుకే. ఆరేడు వారాలకు కొన్ని పొలాల్లో ఏ మందూ వేయకుండానే పచ్చబడటం మీరు చూసే ఉంటారు. వేళ్లు పెరిగాక అవి గాలిని కిందికి తెచ్చి, చుట్టూ ఉన్న ఇనుమును ఆక్సీకరణం చేస్తాయి. ఆ చర్యలో వేరు చుట్టూ కొంచెం ఆమ్లం పుట్టి, బిగుసుకున్న జింక్ విడుదలవుతుంది. అంటే పైరు తన దారి తాను వెతుక్కుంటుంది. కానీ అప్పటికి పిలకలు వేసే కాలం దాటిపోతుంది, కోత ఆలస్యమవుతుంది, దిగుబడి పోతుంది. "దానంతట అదే తగ్గుతుంది" అని ఎవరైనా చెబితే, అలా ఆగడానికి మీరు కట్టే ఖరీదు పిలకలే అని గుర్తుపెట్టుకోండి.

యాసంగిలో వానాకాలం కన్నా ఎక్కువగా కనిపించడానికి చలి కూడా కారణం. డిసెంబరు, జనవరి చలికి వేళ్లు మెల్లగా పెరుగుతాయి, జింక్ అందుకునే శక్తి తగ్గుతుంది. కాలువ నీరు చాలక బోరు నీళ్లు కలుపుతున్నారని కూడా రాశారు. బైకార్బోనేట్ ఎక్కువున్న బోరు నీరైతే ప్రతి తడికీ నేలలో అది ఇంకొంచెం పెరుగుతుంది. ఒక సీసాలో ఆ నీరు కూడా పరీక్షకు ఇవ్వండి.

ఈ లోపాన్ని తెగులు అనుకోవడం మీ ఒక్కరికే జరిగింది కాదు. ఉత్తరాదిన హిమాలయాల కింద తరాయి ప్రాంతంలో 1960ల్లో వరి ఇలాగే ఎర్రబడేది. అక్కడి రైతులు దాన్ని ఖైరా అనేవారు. ఖైరా అంటే కాచు రంగు. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తెగుళ్ల శాస్త్రవేత్తగా ఉన్న వై.ఎల్. నెనె 1966లో అది తెగులు కాదని, జింక్ లోపమని తేల్చారు. ఆయన తర్వాత మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో చాలా ఏళ్లు పనిచేశారు. తెగుళ్ల శాస్త్రవేత్త అయి ఉండి "ఇది తెగులు కాదు" అని చెప్పగలగడం నాకు ఎప్పటికీ గౌరవం కలిగించే విషయం. పాకిస్తాన్‌లో ఇలాంటి జబ్బునే హడ్డా అనేవారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు 1969 నాటికి దానికీ జింక్ లోపమే కారణమని చూపించారు. నారు వేళ్లను నాటే ముందు జింక్ ఆక్సైడ్ కలిపిన నీటిలో ముంచే పద్ధతి కూడా వాళ్ల దగ్గర నుంచి వచ్చిందే. వందకు రెండు పాళ్ల జింక్ ఆక్సైడ్, మిగతాది నీరు, అంతే. కూలీలు దొరికే చోట ఇప్పటికీ మంచి పద్ధతి. మూడెకరాలకు మీరు చేయగలిగితే చేయండి.

పోయిన వానాకాలం మీరు వేసిన పది కిలోల సంగతికి వద్దాం. ఇందులో రెండు పొరపాట్లు జరిగాయి, తప్పు మీది మాత్రమే అనను, చాలాచోట్ల అలాగే చెబుతారు. మొదటిది మోతాదు. మామూలు జింక్ సల్ఫేట్‌లో జింక్ 21 శాతం. ఎకరాకు 20 కిలోలు వేయాలని మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చెప్పేది. అందులో జింక్ 4 కిలోల పైచిలుకు. మీరు వేసింది సగం. 8.3 సూచిక ఉన్న నల్లరేగడిలో ఆ సగం కూడా త్వరగా బిగుసుకుంటుంది. పంటకు కావాల్సింది 125 గ్రాములే అయినా కిలోల లెక్కన వేయమనేది ఈ బిగుసుకుపోయేదాన్ని దృష్టిలో పెట్టుకునే.

రెండోది డీఏపీతో కలపడం. మీరు ఇంట్లోనే ఒక పని చేసి చూడండి. రెండు గ్లాసుల్లో నీళ్లు తీసుకోండి. ఒకదాంట్లో చెంచాడు డీఏపీ వేసి కలిపి, కాసేపు ఆగి, పైన తేరిన నీటిని వేరే గ్లాసులోకి వంచుకోండి. ఇంకోదాంట్లో చెంచాడు జింక్ సల్ఫేట్ కరిగించండి. ఇప్పుడు రెండూ కలపండి. చూస్తుండగానే తెల్లగా, విరిగిన పాలలా, చిక్కటి ముద్ద కడుతుంది. అది జింక్ ఫాస్ఫేట్. మీ పొలంలో డీఏపీ గుళిక పక్కన పడిన ప్రతి జింక్ పలుకుకూ జరిగింది అదే. అది శాశ్వతంగా పనికిరాకుండా పోయిందని కాదు, మెల్లగా కరుగుతుంది. కానీ పైరుకు కావాల్సిన మొదటి మూడు వారాల్లో అందదు. పైగా మీ నేలలో భాస్వరం ఇప్పటికే ఎక్కువ. ఏటా రెండు పంటలకూ డీఏపీ వేస్తూ వచ్చిన పొలాల్లో ఇది మామూలే. వచ్చే వానాకాలం భాస్వరం సగానికి తగ్గించండి. ఆ డబ్బుతోనే జింక్ వస్తుంది. జింక్‌కూ, డీఏపీ లేదా కాంప్లెక్స్ ఎరువుకూ మధ్య కనీసం మూడు రోజుల తేడా పెట్టండి.

ఈ గ్లాసు పరీక్షకు ఇంకో ఉపయోగం ఉంది. జింక్ సల్ఫేట్ పేరుతో మెగ్నీషియం సల్ఫేట్ అమ్మే మోసం పాతదే. రెండూ చూడ్డానికి ఒకేలా తెల్లటి పలుకులు. డీఏపీ నీటితో కలిపితే అసలు జింక్ చిక్కటి ముద్ద కడుతుంది, మెగ్నీషియం సల్ఫేట్ అలా కట్టదు. ఒక యాసంగిలో ఒక ఊరి రైతులు పదిమంది కలిసి ఒకే షాపులో కొన్న బస్తాలు మా ల్యాబ్‌కు వచ్చాయి. ఒక్క బస్తాలోనూ ముద్ద కట్టలేదు. వాళ్లు బాకీ తెచ్చి కొన్నారు. ఆ పైరు ఎర్రబడి ఉండగా వాళ్ల ముఖాలు చూడటం నాకు చాలా కష్టమైంది. అప్పటినుంచి ఎవరు అడిగినా ముందు ఈ పరీక్ష చెబుతాను. ఇది జింక్ ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది, ఎంత శాతమో చెప్పదు. శాతం తెలియాలంటే బిల్లు దగ్గర పెట్టుకుని, శాంపిల్‌ను వ్యవసాయ అధికారి ద్వారా పరీక్షకు పంపాలి. బిల్లు లేకుండా మాత్రం కొనకండి.

బస్తా మీద ఏం రాసి ఉందో కూడా చదవండి. 21 శాతం అని ఉంటే హెప్టాహైడ్రేట్, అదే 20 కిలోల లెక్క. 33 శాతం అని ఉంటే మోనోహైడ్రేట్, ఎకరాకు 12 నుంచి 13 కిలోలు సరిపోతుంది. చీలేటెడ్ జింక్, అంటే ఈడీటీఏ జింక్‌లో 12 శాతం ఉంటుంది. అది పిచికారీకి మంచిదే, లీటరుకు గ్రాము చాలు. కానీ "కిలో ప్యాకెట్ చల్లితే 20 కిలోల బస్తాతో సమానం" అని అమ్ముతుంటారు, అది నేను ఒప్పుకోను. కిలోలో ఉన్న జింక్ 120 గ్రాములు. చీలేట్ కాబట్టి త్వరగా బిగుసుకోదు, ఆ పంట వరకు కొంత ఆదుకోవచ్చు. కానీ తర్వాతి పంటలకు నేలలో ఏమీ మిగలదు. సల్ఫేట్ ఒకసారి సరిగ్గా వేస్తే మామూలు నేలల్లో మూడు పంటల దాకా నడుస్తుంది. జింక్ కరిగించే బ్యాక్టీరియా సీసాల గురించి కూడా అడిగారు. నేల బాగున్న చోట వాడుకోవచ్చు. బిగుసుకుపోయిన, నీరు నిలిచిన క్షార నేలలో ఎర్రబడిన పైరును అవి కాపాడతాయని నేను చెప్పలేను.

వచ్చే వానాకాలానికి ఏం చేయాలో చెబుతాను. యాసంగి కోత కాగానే పొలాన్ని ఒకసారి దున్ని వేసవంతా ఎండనివ్వండి. ఏడాది పొడవునా తడి ఆరని పొలాల్లో, అందులోనూ కాలువ పక్క ఊట పొలాల్లో, జింక్ లోపం ఎక్కువ. మట్టి ఒక్కసారి బాగా ఎండి గాలి తగిలితే, ఎరువు కన్నా ఎక్కువ మేలు జరగడం నేను చాలా పొలాల్లో చూశాను. జీలుగ గానీ పిల్లిపెసర గానీ వేసి కలియదున్నాలనుకుంటే మంచి పనే, కానీ కలియదున్నిన మర్నాడే నాట్లు వేయొద్దు. పచ్చిరొట్ట బురదలో కుళ్లేటప్పుడు ఆ వాయువులన్నీ ఒక్కసారిగా పెరిగి, మీరు ఇప్పుడు పడుతున్న ఇబ్బందే తిరిగి వస్తుంది. కనీసం పది రోజులు మగ్గనివ్వండి. బాగా చివికిన పశువుల ఎరువైతే ఈ భయం లేదు. ఒక ట్రాక్టరు చివికిన పెంట ఉంటే జింక్ సల్ఫేట్‌ను దానిలో కలిపి చల్లడం నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి.

ఆఖరి దమ్ము చేసి, చదును చేశాక, నీరు పలచగా ఉంచి, 20 కిలోల జింక్ సల్ఫేట్‌ను పైపైన సమానంగా చల్లండి. లోతుకు దున్నేయొద్దు. పైపొరలోనే కొంచెం గాలి ఉంటుంది, చిన్న వేళ్లు ముందు పాకేదీ అక్కడే. మూడు రోజులు ఆగి మిగతా ఎరువులు వేసుకోండి. సూచిక 8.5 దాటిన చౌడు మడి ఏదైనా ఉంటే, అక్కడ జింక్ ఒక్కటే వేసి లాభం లేదు. ముందు పరీక్ష చేయించి జిప్సం వేసి, నీరు పెట్టి, మురుగు కాలువ ద్వారా ఉప్పును కడిగేయాలి. ఆ తర్వాత జింక్ రెట్టింపు, అంటే 40 కిలోలు వేయాలి. మురుగు కాలువ లేకుండా చౌడు బాగుచేయడం జరగని పని. మీ పొలం చివర కాలువ పూడిపోయి ఉంటే, పక్క రైతులతో కలిసి ముందు దాన్ని తీయించండి.

ఈ జింక్ సంగతి దిగుబడితో ఆగిపోదు. మూడు పూటలా వరన్నమే తినే ఇళ్లలో జింక్ వచ్చేది ప్రధానంగా ఆ బియ్యం నుంచే. జింక్ దొరకని నేలలో పండిన గింజలో కూడా అది తక్కువే. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ 2016లో విడుదల చేసిన డీఆర్ఆర్ ధాన్ 45 రకంలో పాలిష్ చేసిన బియ్యంలోనే 22 పీపీఎం పైన జింక్ ఉంటుంది. ఇంటి తిండికి ఒక అరెకరా అలాంటి రకం వేసుకునే ఆలోచన చేయండి. అయితే నేలలో జింక్ దొరక్కపోతే ఏ రకమైనా గింజలోకి తేలేదు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఇది చదివి ప్రతి పంటకూ 20 కిలోలు చల్లడం మొదలుపెట్టొద్దు. జింక్ నేలలో పేరుకుంటుంది, కొట్టుకుపోయేది చాలా తక్కువ. వానాకాలం ఒకసారి వేశాక, మూడు పంటలు అయ్యాక పరీక్ష చేయించి, 0.6 కన్నా పైకి వచ్చిందో లేదో చూసి నిర్ణయించుకోండి.

ఆ పరీక్షకు మట్టి తీసేటప్పుడు మూడెకరాలదీ కలిపి ఒకే సంచిలో తేవొద్దు. మీకు వచ్చిన 0.44 బహుశా మెరక, పల్లం కలిసిన సగటు, పల్లంలో ఇంకా తక్కువే ఉండొచ్చు. కోత అయ్యాక, కొత్త ఎరువు ఏదీ వేయకముందు, పల్లపు మడులది వేరు, మెరక మడులది వేరు, పైరు ఎక్కువగా ఎర్రబడిన జాగాది వేరు తీయండి. ప్రతి చోటా ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో అరడుగు లోతు గుంట తీసి, పక్క గోడ నుంచి మందపాటి పొర చెక్కి, కలిపి, అరకిలో మిగుల్చుకోండి. గట్టు పక్కన, పెంటకుప్ప ఉన్న చోట, చెట్టు నీడలో తీయొద్దు. జింక్ పూత ఉన్న తట్టల్లో, రేకు బకెట్లలో మట్టి కలపొద్దు. ఆ పూత నుంచి వచ్చే జింక్ కలిస్తే మీ రిపోర్టు మంచిగా కనిపిస్తుంది, పొలం మాత్రం అలాగే ఉంటుంది. ప్లాస్టిక్ టబ్ వాడండి. ఎరువుల బస్తాల్లో మట్టి తేవొద్దు. సంచిలో ఒక చీటీ పెట్టి సర్వే నంబరు, "పల్లం" లేదా "మెరక" అని పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా తడికి చెరిగిపోతుంది. రెండో పిచికారీ అయిన వారానికి కొత్త ఆకు మొదటి భాగం దగ్గరగా కనిపించేలా ఒక ఫొటో పెట్టండి, చూసి యూరియా ఎప్పుడు వేయాలో చెబుతాను.